ఊదా కట్టె ఆరేదాకా

...అన్నీ ఎత్తుకుపోయేవాడు వేరు, రెండే తీసుకునేవాడు వేరు. ఊడ్చుకుపోయేవాడికి ఇంటివాళ్లకు మళ్లీ ముఖం చూపించాల్సిన పనిలేదు. రెండే తీసేవాడు రేపు కూడా వస్తాడు, సలాం చెబుతాడు, చెయ్యి ఎట్లా ఉందని అడుగుతాడు. అంటే దొంగ తెలిసినవాడే. అంతవరకు తేల్చుకున్నాక వహాబ్ మంచం మీద కాస్త పైకి జరిగి, మోకాలి మీద ఆనించిన ట్యాబ్‌లో దుంగలను ఇంకోసారి లెక్కపెట్టాడు. ఇరవై రెండు. నిన్న ఇరవై నాలుగు.

నిజానికి ఆ పొద్దున అతను పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకు సాయినాథ్ వస్తాడు, దుకాణం తాళంచెవి అతని చేతికివ్వాలి. అత్వెల్లి రోడ్డు మీద వహాబ్ తలుపుల దుకాణం మూతపడి పంతొమ్మిది రోజులైంది. మిషన్ రంపం ఎడమచేతి రెండు వేళ్లను కోసింది. కుట్లు వేసిన డాక్టరు రెండు నెలలు పనిముట్టు ముట్టవద్దన్నాడు. షామీర్‌పేట జయకృష్ణ సారు కొత్తింటి సింహద్వారం సగంలో ఆగిపోయింది. పన్నెండేళ్లుగా రావల్కోల్ నుంచి వచ్చి తన దగ్గర పని నేర్చుకుని పనిచేస్తున్న సాయినాథ్, దుకాణం తెరిస్తే ఆ తలుపు తను పూర్తి చేస్తానన్నాడు. తెరవకపోతే గుండ్లపోచంపల్లిలో రెడీమేడ్ తలుపుల కంపెనీ వాళ్లు పిలుస్తున్నారు, సోమవారంలోగా జవాబు చెప్పాలన్నాడు. తాళంచెవి వహాబ్ మెడలో, తాయెత్తు దారానికే వేలాడుతోంది. ఇచ్చేద్దామని నిన్ననే నిశ్చయించుకున్నాడు. కానీ నిన్న దుంగలు ఇరవై నాలుగు.

ఈ ఆట కూతురు ఆతియా పెట్టింది. పనిలేని తండ్రి కుడిచేత్తోనే ఇంట్లోని తలుపులన్నిటి బందులూ విప్పి బిగించడం చూడలేక, తన పాత ట్యాబ్‌లో ఎక్కించి ఇచ్చింది. అందులో ఒక పెద్ద నేల ఉంటుంది. చెట్లు కొట్టవచ్చు, ఇళ్లు కట్టవచ్చు, ఏది కావాలంటే అది చేసుకోవచ్చు. ఆ నేల మీదికి నలుగురికే దారి ఉంది. ఆతియా, వహాబ్, అతని భార్య షహజాది బేగం, సాయినాథ్. బేగం అక్కడ కోళ్లను పెంచుతోంది. వహాబ్ మొదటి రోజు ఏమీ చేయలేదు, చెట్లను చూస్తూ తిరిగాడు. రెండో రోజు, రెండు నదులు దాటిన తర్వాత వచ్చే బురదనేలలో, అతనికి ఊదారంగు కట్టె దొరికే చెట్టు కనబడింది. పొద్దంతా నడిస్తే ఒక్క చెట్టు. కొడితే ఒకటో రెండో దుంగలు. పదహారు రోజుల్లో ఇరవై నాలుగు దుంగలు తెచ్చాడు.

తెచ్చిన రోజే ఆతియా చెప్పింది, వేలితో ఒక్కసారి నొక్కితే తలుపు తయారవుతుందని. వహాబ్ నొక్కలేదు. పచ్చి కట్టెతో తలుపు చేస్తే ఏడాది తిరగకుండా వంకర పోతుంది. దుంగలను ఆరుబయట, ఒకదానికొకటి తగలకుండా, కింద చిన్న బద్దలు వేసి పేర్చాడు. సందుల్లోంచి గాలి ఆడాలి.

"అబ్బా, ఇది ఆట. ఇందుల కట్టె ఆరదు, వంకర వోదు," అంది ఆతియా.

"ఎండ ఉన్నదా లేదా ఇందుల?"

"ఉన్నది."

"ఎండ ఉన్నకాడ ఏదైనా ఆరుతది."

ఇప్పుడు ఆ పేర్పులో పైవరుస కొసన రెండు దుంగల జాగా ఖాళీగా ఉంది. వహాబ్ మొదట వంటింటి వైపు చూశాడు. బేగం రొట్టెలు చేస్తోంది. పోయిన వారం కోళ్లకు కొత్త గూడు కడతానంది.

"బేగం, నీ కోళ్ల గూడుకు ఏ కట్టె వాడినవ్?"

"ఆడ పడి ఉన్నదేదో వాడిన."

"పడి ఉన్నదా, పేర్చి ఉన్నదా?"

ఆమె పెనం మీది రొట్టెను తిప్పింది. "నలభై ఏండ్ల సంది ఇంటినిండ చెక్కపొట్టు ఊడుస్తున్న. ఇగ ఫోన్ల కట్టె గూడ నేనే దొంగతనం జేస్తనా?"

అతను ఆటలో ఆమె కోళ్ల గూడు దాకా నడిచి చూసొచ్చాడు. మామూలు చెక్కే. అయినా గూడు వెనకవైపు కూడా చూశాడు. తర్వాత షేర్ ఆటో కోసం చున్నీ సర్దుకుంటూ బయల్దేరిన ఆతియాను ఆపాడు.

"నాకేడిది అబ్బా టైము. నిన్న నేను అసలు తెరవనే లే," అంటూ ఆమె ట్యాబ్ తీసుకుని ఎక్కడో నొక్కింది. "ఎవరెప్పుడు వచ్చిన్రో ఇండ్ల పడుతది. నిన్న పొద్దుమూకే యాళ్లకు సాయన్న ఒక్కడే వచ్చిండు."

మామూలుగా చెప్పి ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. వహాబ్‌కు మాత్రం ఆ మాట చెప్పుల్లో రాయిలా మిగిలింది.

పది గంటలకు సాయినాథ్ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, మాటలు తక్కువ. గడప దగ్గర చెప్పులు విడిచి, "చెయ్యి ఎట్లున్నది ఉస్తాద్?" అన్నాడు. సరిగ్గా తను అనుకున్న మాటే అడిగాడని వహాబ్ గుర్తుపెట్టుకున్నాడు.

"నిన్న ఆటలకు వొయినవంట."

"ఆఁ, కొద్దిసేపు వొయిన. మస్తు వాన కొట్టింది ఉస్తాద్ ఆడ."

ఏమీ అడగకముందే వాన సంగతి ఎందుకు చెబుతున్నాడు. తప్పు చేసినవాడే వాతావరణం గురించి మాట్లాడతాడని వహాబ్‌కు తోచింది. ఇంతకుముందు ఎప్పుడూ తోచలేదు గానీ, ఇప్పుడు ఎన్నాళ్లనుంచో తెలిసిన సంగతిలాగే అనిపించింది.

"చాబీ ఇస్తనన్నరు గద," అన్నాడు సాయినాథ్, నేల చూస్తూ.

వహాబ్ చెయ్యి మెడ దాకా వెళ్లింది. దారం తగిలింది. అక్కడే ఆగింది. ఇస్తే వీడు దుకాణం తెరుస్తాడు. జయకృష్ణ సారు తలుపు చేస్తాడు, బాగానే చేస్తాడు. దారిన పోయేవాళ్లు రంపం చప్పుడు విని, వహాబ్ లేకపోయినా దుకాణం నడుస్తోందే అనుకుంటారు. ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలియలేదు. దాని ముఖం సరిగా చూడకముందే దాన్ని పక్కకు తోసి, దాని స్థానంలో రెండు దుంగలను నిలబెట్టాడు.

"రేపు చూద్దాం," అన్నాడు.

"సోమవారం లోపల చెప్పమన్నరు వాళ్లు."

"రేపు సోమవారం కాదు గద."

మర్నాడు దుంగలు ఇరవై ఉన్నాయి.

వహాబ్‌కు ఒక రకమైన తృప్తి కలిగింది. అనుమానం నిజమైనప్పుడు మనిషికి కలిగే తృప్తి అది, నష్టం కూడా అందులో తీపిగానే ఉంటుంది. పడుకుని పన్నెండేళ్లు వెనక్కి తవ్వాడు. ఒకసారి ఒక ఉలి కనబడకుండా పోయింది. ఒక రంజాన్‌కు ముందు మంచి టేకు ముక్క ఒకటి మాయమైంది. ఉలి తర్వాత చెక్కపొట్టులో దొరికింది. ముక్కతో తనే బేగంకు పీట చేసిచ్చాడు. ఆ రెండు సంగతులూ గుర్తొచ్చాయి గానీ, అప్పటికే అవి సాయినాథ్ పేరు మీద నమోదైపోయాయి, మళ్లీ కొట్టేయడం కష్టంగా తోచింది.

మేడ్చల్‌లో కట్టె కోసే మిషన్ నడిపే ఓదెలుకు ఫోన్ చేశాడు.

"ఓదెలూ, సాయిగాడు ఈమధ్యల నీ కాడికి కట్టె ఏమన్న తెచ్చిండా కోపియ్యనీకి?"

"లేదు భాయ్. ఏం కట్టె?"

"నా కట్టె పోతాంది. దినాం రెండు దుంగలు."

"టేకా?"

ఆటలోది అనే మాట నాలుక దాకా వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మేడ్చల్ చుట్టుపక్కల మూడువందల గుమ్మాలు నిలబెట్టినవాడు, ఆ మాట ఎట్లా అంటాడు. "టేకు కంటె మంచిది," అన్నాడు.

"ఏడిది భాయ్ అంత మంచిది?"

"రెండు నదులు దాటి తెచ్చిన," అని వహాబ్ ఫోన్ పెట్టేశాడు. అబద్ధం మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

తర్వాత కాపలా సంగతి ఆలోచించాడు. గోడ కడితే గాలి ఆడదు. గొయ్యి తవ్వితే దొంగ దాటుతాడు. ఆటలో నిప్పుల కుంపటి చేసుకునే వీలుంది. పేర్పు చుట్టూ పన్నెండు కుంపట్లు వరుసగా పెట్టాడు. ఇక ఎవడు దగ్గరికొస్తాడో చూద్దాం. తన దుకాణంలో బీడీ వెలిగించినందుకు ఒక గిరాకీని నలభై ఏళ్లలో మళ్లీ గడప తొక్కనివ్వని మనిషి, ఆ పన్నెండు మంటల్నీ చూసి తృప్తిగా తల ఊపాడు. ట్యాబ్‌ను ఛార్జింగుకు పెట్టి, తెరిచే ఉంచి, చాయ్ తాగడానికి లేచాడు.

చాయ్ సగంలో ఉండగా జయకృష్ణ సారు బండి వాకిట్లో ఆగింది. హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు.

"వహాబ్ భాయ్, మా కట్టె ఉన్నదా పోయిందా? ఒక్క మాట చెప్పు."

"ఎవరన్నరు సారూ పోయిందని?"

"మా కట్టె కోసిన ఓదెలే చెప్పిండు. నదులు దాటి తెచ్చిన కట్టె దినాం రెండు దుంగలు పోతాందంట. నాది గోదావరి అవతలి టేకు. బేస్తారం గృహప్రవేశం పెట్టుకున్న. సింహద్వారం లేకుంట ఎట్ల, పరదా గట్టుకొని వోవాల్నా లోపలికి?"

"మీ కట్టె కాదు సారూ."

"మరి ఎవరిది?"

వహాబ్ లేచి చొక్కా వేసుకున్నాడు. రెండు గల్లీల అవతల దుకాణం. ఇరవై రోజుల తర్వాత, మెడలో దారం తీయకుండానే వంగి తాళం తీస్తుంటే వేళ్ల కుట్లు లాగాయి. లోపల అంతా పెట్టింది పెట్టినట్టే ఉంది. జయకృష్ణ సారు తన పలకలను సుద్ద గుర్తులు చూసుకుంటూ మూడుసార్లు లెక్కపెట్టాడు. వరుసగా మూడుసార్లు సరిపోవడం అతనికి మరింత అనుమానంగా తోచినట్టుంది, నాలుగోసారి మొదలుపెట్టాడు.

అప్పుడే సాయినాథ్ వచ్చాడు. బండి గోడకు ఆనించి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఓదెలు మామ ఫోన్ జేసిండు. ఉస్తాద్ కట్టె నా కాడికి తేకు బిడ్డా, నేను కొయ్య అన్నడు. ఏంది ఉస్తాద్ ఇది?"

వహాబ్ కుడిచేత్తో బల్ల మీది చెక్కపొట్టు తుడిచాడు.

"పన్నెండేండ్ల సంది ఒక్క మేకు ఇంటికి కొంచవోలే నేను. దొంగోన్ని అయితే నా మొకానే చెప్పొద్దా? చాబీ ఇయ్యకుండ రేపు రేపు అనుడు ఎందుకు? సోమవారం దాక ఎందుకు, ఇప్పుడే ఆ కంపెనీకి ఫోన్ జేస్త."

"జేయ్. ముందుగల నాలుగు దుంగలు ఏడున్నయో చెప్పి జేయ్," అన్నాడు వహాబ్.

"ఏ దుంగలు?" అన్నాడు జయకృష్ణ సారు, పలకల మధ్య నుంచి.

సాయినాథ్ నోరు తెరిచాడు. కానీ ఏదో చెప్పేలోపే షహజాది బేగం ట్యాబ్‌ను రెండు చేతులతో పళ్లెంలా పట్టుకుని వచ్చింది. దారిపొడవునా పరుగెత్తినట్టుంది, ఆయాసపడుతోంది.

"అజీ, ఇది జూడు. నా కోళ్లు ఉరుకుతున్నయ్."

నలుగురూ వంగి చూశారు. కుంపట్ల మంట మొదట అంచు దుంగకు అంటుకుని, సందుల్లో గాలి బాగా ఆడుతుండటంతో చివరిదాకా ఒక్క ఊపున వెళ్లింది. ఊదారంగు ఎక్కడా లేదు. పన్నెండు కుంపట్లు మాత్రం వరుస తప్పకుండా నిలబడి, నడుమ ఉన్న నల్లని ఖాళీ నేలకు కాపలా కాస్తున్నాయి.

"ఆరలే, ఆరలే అంటివి. మంచిగనే ఆరినట్టుంది," అంది బేగం.

జయకృష్ణ సారు హెల్మెట్ తీసి సగం చేసిన తన తలుపు మీద కూర్చున్నాడు. "అంటే, పోయిన కట్టె ఇండ్లదా? నేను షామీర్‌పేట నుంచి లైట్ల కాడ గూడ ఆగకుండ వచ్చిన."

సాయినాథ్ ట్యాబ్ తీసుకున్నాడు. తెర మీద వహాబ్ బొమ్మను నడిపించుకుంటూ గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ చిన్న రేకులషెడ్డు లాంటిది ఒకటి ఉంది. మూడు వైపులా తెరుచుకుని ఉంది, పైకప్పు వాలుగా ఉంది. లోపల నాలుగు ఊదా దుంగలు, కింద బద్దలు, మధ్యలో సందులు. పగుళ్లు రాకుండా దుంగల కొసలకు తెల్లమట్టి కూడా పూసి ఉంది.

"దినాం వాన కొడుతాంది ఉస్తాద్ ఆడ. మీరేమో పొద్దుగాల ఎండల జూస్తరు. ఎండుడు, తడుసుడు, ఎండుడు. కట్టె పాడైతదని పానం ఒప్పలే. పొద్దుమూకినంక కొద్ది కొద్దిగ షెడ్డు ఏసిన. దినానికి రెండు దుంగలకే జాగ అయింది, రెండే తెచ్చిన."

"చెప్తే ఏమైతుండె?"

"వాన కొట్టిందని చెప్పిన గద."

వహాబ్ ఆ షెడ్డును చాలాసేపు చూశాడు. పైకప్పు వాలు చూశాడు, గాలి వచ్చే దిక్కు చూశాడు. తప్పు ఏదైనా దొరికితే బాగుండుననిపించింది. అంగుళమంత తప్పైనా దొరికితే, దాన్ని పట్టుకుని ఈ క్షణాన్ని దాటవచ్చు. దొరకలేదు. సందులు తను పెట్టినదానికంటే సమంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ తను కాపలా కాసింది దుంగలకు కాదని అతనికి అప్పుడు తెలిసింది. రంపం చప్పుడు తను లేకుండా వినబడే రోజు రాకుండా కాపలా కాశాడు. ఆ రోజు ఇప్పుడు తెల్లమట్టి పూసుకుని కళ్లముందే ఉంది. అనుకున్నంత భయంకరంగా ఏమీ లేదు.

"నాలుగు దుంగలకు ఏమొస్తది వహాబ్ భాయ్?" అన్నాడు జయకృష్ణ సారు. కోపం పోయి నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టున్నాడు.

"గడప వస్తది."

"మరి నా తలుపు?"

వహాబ్ కుడిచేతిని మెడ వెనక్కి పెట్టాడు. తాయెత్తు దారం, తాళంచెవి ముడి పడిపోయి ఒంటిచేత్తో విడలేదు. బేగం విప్పబోతే వద్దన్నాడు. దారాన్ని ముందుకు తిప్పి, పళ్లతో లాగి, ముడి విప్పి, తాళంచెవిని సాయినాథ్ అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూశాడు.

"సరిగ్గ లెక్కపెట్టుకో," అన్నాడు.

తాళంచెవి ఒకటే ఉంది.