మీసం తీసిన పూట

1898 మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున ధవళేశ్వరం లాకుల దగ్గర బంగార్రాజు మంగలిని పిలిపించి చంద్రరావు మీసం తీయించాడు. సాయంత్రం ద్రాక్షారామంలో నాటకం. చంద్రరావుది రాణి వేషం. బంగార్రాజు అసలు రైతు. పొలం తమ్ముడికి వదిలి నాటక సమాజం పెట్టి మూడేళ్ళయింది. మూడు నాటకాలు ఆడించాడు. మూడింటికీ జనం మధ్యలో లేచిపోయారు. ఈసారీ లేచిపోతే సమాజం ఎత్తేస్తానని భార్య శ్యామలాంబ చేతిలో చెయ్యివేసి వచ్చాడు.

తండ్రి బతికుండగా ఎవరూ మీసం తీయరు. చంద్రరావు తండ్రి పల్లంరాజు ఆలమూరులో ఉన్నాడు. కొడుకు ధవళేశ్వరంలో గుమాస్తా పని చేస్తున్నాడని ఆయన నమ్మకం.

"సాయంత్రం దాకా నోరు విప్పకు. నీ గొంతు పోతే నేను పోయినట్టే," అన్నాడు బంగార్రాజు. చంద్రరావు తలూపి పడవెక్కాడు.

పడవలో ఆలమూరు అచ్చాయమ్మ ఎదురుగా కూర్చుంది. చంద్రరావు మూతి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో! ఎప్పుడు బాబూ?"

చంద్రరావు బంగార్రాజు వైపు చూపించాడు. ఆవిడ అడుగుతున్నది క్షవరం గురించి అనుకున్నాడు బంగార్రాజు.

"పొద్దున్నే అయిపోయిందండి. నేనే దగ్గరుండి చేయించాను."

"పాపం, ఏడ్చాడాండి?"

"ఏడవకుండా ఉంటాడాండి? తప్పదు కదా."

"ఇంటికి కబురు పెట్టారా?"

"ఇప్పుడెందుకండీ, గోల. ద్రాక్షారామంలో నాటకం అయ్యాక మెల్లిగా చెబుతాం."

అచ్చాయమ్మ ఆలమూరు రేవులో దిగి, ఏడుస్తూ చంద్రరావు ఇంటికి వెళ్ళింది. అరుగు మీద పల్లంరాజు చల్దన్నం తింటున్నాడు.

"ఎవరమ్మా పోయింది?"

"మీరేనండి," అంది అచ్చాయమ్మ, స్తంభం పట్టుకుని. "పొద్దున్నే కానిచ్చేశారటండి. మీవాడికి మీసం లేదు, నా కళ్ళతో చూశాను. నాటకం అయ్యాక చెబుతారట."

"ఏం నాటకం?"

అచ్చాయమ్మ చెప్పింది. పల్లంరాజు చెయ్యి కడుక్కుని బండి కట్టాడు.

దీపాలవేళకు ద్రాక్షారామంలో పందిరి నిండింది. తెర లేచింది. చంద్రరావు పట్టుచీరలో ముందుకు వచ్చి ప్రార్థన పాడడానికి చేతులు జోడించాడు. పల్లంరాజు మెట్లెక్కి వేదిక మీదికి వచ్చాడు.

"నేనెవర్ని?"

"నాన్నా," అన్నాడు చంద్రరావు. ఆ రోజు అతను ఆడిన మొదటి మాట అది.

"నేనున్నానా, పోయానా? ఇంతమందిలో చెప్పు!"

"ఉన్నారు నాన్నా."

"మరి ఆ మూతేంటి?"

చంద్రరావు ఏడ్చాడు. రాణిగారి తండ్రి వచ్చాడనుకుని ఆడవాళ్ళు ముందుకు జరిగారు. "ముసలాయన బాగా ఆడుతున్నాడు, మాట్లాడకండెహె," అన్నారెవరో.

"ఒకసారి నన్ను సాగనంపేశావు కదా. రెండోసారికి నువ్వు రానక్కర్లేదు," అని పల్లంరాజు దిగిపోయాడు.

చంద్రరావు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆయన వెనక పరిగెత్తాడు. బండి ఆగలేదు. కాలవ గట్టు మలుపు తిరిగేదాకా జనం చూశారు. అప్పటిదాకా ఒక్కరూ లేవలేదు. ఆ తరవాత చప్పట్లు కొట్టి ఇళ్ళకు బయల్దేరారు.

పందిరి వేయించిన పెద్దమనిషి వచ్చి బంగార్రాజు చేతులు పట్టుకున్నాడు.

"చిన్నదే గానీ, ఏం నాటకమండీ! ఆ రాణి ఏడుపు నిజం ఏడుపే అనుకున్నామండి. ఎన్నాళ్ళు నేర్పారేంటి?"

"మూడేళ్ళండి," అన్నాడు బంగార్రాజు. నాటకం మొదలే కాలేదని మాత్రం చెప్పలేదు.