చెట్టు కాకముందే జాగ్రత్తపడండి!

మీ పెరట్లో చెట్టుందా? అయితే మీరు అదృష్టవంతులు. దాన్ని నరికే హక్కు మీకు లేదు!

నీళ్లు పోసేది మీరు. రాలిన ఆకులు ఊడ్చేది మీరు. వేళ్లు తన్నుకొచ్చి పగిలిన గచ్చు బాగుచేయించుకునేదీ మీరే. కానీ మణికట్టంత లావున్న కొమ్మ మీద కత్తి పెట్టాలంటే మాత్రం చెట్ల ఆఫీసరుగారి అనుమతి కావాలి. తెలివితక్కువవాళ్లు దీన్ని పీడ అంటారు. నేనొప్పుకోను. ఇంట్లో ఏ నిర్ణయమూ నా చేతిలో లేదని ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయేవాణ్ణి. పెరట్లోనూ లేదని తేలాక మనసు కుదుటపడింది.

మా చెట్టు సంగతే చూడండి. మా అత్తగారి గది మీదుగా ఒక ఎండుకొమ్మ ఉంది. గాలి వీస్తే చాలు, కిర్రుమంటుంది. గదేమో రేకుల గది. ఆ కొమ్మ విరిగిపడితే ఈ రేకులు ఏ మూలకీ రావు. అందుకని ఆవిడ మంచం హాల్లోకి, సరిగ్గా టీవీ ముందుకి వచ్చింది. నా వార్తలు పోయి ఆవిడ సీరియళ్లు వచ్చాయి. చూశారా, కుటుంబాన్ని ఒక్కచోట చేర్చడం ఒక్క చట్టానికే చేతనవుతుంది!

ఆఫీసరుగారు వచ్చారు. చాలా మంచి మనిషి. మెడ నొప్పెట్టేదాకా పైకి చూశారు. అది ఆకు రాలే కాలం కావడంతో చెట్టంతా బోడిగా ఉంది.

"కొమ్మ చచ్చిందో, నిద్రపోతోందో ఇప్పుడే చెప్పలేమండీ. చిగురేసేదాకా ఆగండి" అన్నారు.

ఆగాం. ఆ కొమ్మ తప్ప చెట్టంతా చిగురేసింది. ఆయన మళ్లీ వచ్చి, "చచ్చింది" అని సంతోషంగా తేల్చేశారు. అంతలో కొమ్మ చివర కాకిగూడు కనబడింది. గూడున్న కొమ్మని ముట్టుకుంటే నేరం! పిల్లకాకులు ఎగిరిపోయేసరికి వానలొచ్చాయి. తడిసిన చెట్టు ఎక్కి నరకడం నిషేధం. వానలు వెలిశాక ఏమైందంటారా? ఆకులు రాలాయి! కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు పైకి చూసి, "చచ్చిందో, నిద్రపోతోందో..." అని మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఆఫీసర్లు మారుతున్నారు గానీ ఆ మాట మారలేదు, కొమ్మా మారలేదు.

ఒకసారి మా ఆవిడ ఉండబట్టలేక, "అది మా అమ్మ మీద పడితేనో?" అని అడిగేసింది.

"పడ్డాక ఏ అనుమతీ అక్కర్లేదమ్మా. ఎంచక్కా ముక్కలు చేసుకోవచ్చు" అన్నారాయన.

ఎంత దయగల చట్టమండీ!

అంతేనా? మా వీధివాళ్లకి వృక్షశాస్త్రం నేర్పింది కూడా ఇదే. కాండం ముంజేయంత లావయ్యేదాకా అది మొక్క. మొక్క జోలికి ఏ సెక్షనూ రాదు. ఆ పైన అయితే చెట్టు. అందుకే ఆదివారం పొద్దున్నే మా వీధిలో పెద్దమనుషులంతా చొక్కా చేతులు మడిచి, మొక్క పక్కన ముంజేయి ఆనించి కొలుచుకుంటూ కనిపిస్తారు. కాస్త దగ్గరపడిందంటే రంపం బయటికొస్తుంది. మూలింటి లెక్చరరుగారు మరీ బక్కపల్చన. ఆయన చేతితో కొలిస్తే ప్రతి మొక్కా చెట్టయి కూర్చుంటోందని, పక్కింటి జిమ్ కోచ్ చెయ్యి అరువు తెచ్చుకుంటారు! ఎదురింటి పళ్ల డాక్టరుగారు అసలు అంతదాకా రానివ్వరు. "ముందే పీకేస్తే నొప్పుండదండీ" అంటారు.

ఇప్పుడు మా వీధి ఎంత శుభ్రంగా ఉందో వచ్చి చూడండి. ఊడ్చుకోవడానికి ఆకు లేదు. నీడలో కారు పెట్టుకోవడానికి కొట్లాటల్లేవు, ఎందుకంటే నీడే లేదు. పాత చెట్లు గాలివానలకి కూలిపోయి, కొత్తవి చెట్టు కాకముందే తెగిపోయి, మాది తప్ప మరో చెట్టు మిగల్లేదు కాబట్టి, చెట్లని కాపాడే వాళ్లకీ బోలెడంత శ్రమ తగ్గింది.

మొన్న మా వంతు వచ్చింది. మా చెట్టు గింజే ఒకటి గోడవార పడి మొలిచింది. హాల్లోకి మారినప్పట్నుంచి మా అత్తగారికి దానితోనే కాలక్షేపం. వంగిపోకుండా కర్ర కట్టారు. కూరగాయలు కడిగిన నీళ్లు పారబోయనివ్వకుండా దానికే పోశారు. చూస్తుండగానే అది గోడ దాటింది. నేను ముంజేయి ఆనించి చూశాను. ఇంకొక్క వేలెడు తక్కువ.

ఆవిడతో ఎలా చెప్పాలా అని నాలో నేనే మథనపడుతున్నాను. ఈలోగా ఆవిడే రంపం తెచ్చి నా చేతికిచ్చారు.

"కానివ్వండి అల్లుడుగారూ. అది చెట్టు కాకముందే కోసెయ్యండి. రేపు మీ పిల్లలు కూడా మంచాలు హాల్లోకి లాక్కోవాలా?" అని, అటు తిరిగి నిలబడ్డారు.

కోశాను. పచ్చిది కదా, చులాగ్గా తెగిపోయింది. ఏ ఆఫీసరూ రాలేదు, ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పైన ఎండుకొమ్మ మాత్రం కిర్రుమంది. చట్టం దాన్ని కంటికి రెప్పలా కాపాడుతోంది.