ఏఐ గారికి మర్యాదలు

"మనుషులకీ యంత్రాలకీ జరగబోయే మహాయుద్ధాన్ని మన మండలంలోనే ఆపేస్తున్నానండీ!" అని మంత్రి జోగేశ్వరరావు గారు ప్రకటించగానే రేవు సెంటరు చప్పట్లతో దద్దరిల్లింది. నేనూ గట్టిగా కొట్టాను. సభలకు శాలువాలు సరఫరా చేసే కొట్టు నాది. అంతటి దార్శనికుణ్ణి దగ్గరగా చూసే భాగ్యం అలా దక్కింది.

సంగతేమిటంటే, అర్జీలు విని అక్కడికక్కడే జవాబు చెప్పే ఏఐ యంత్రం ఒకటి మా మండలాఫీసుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు నరసాపురంలో ఒక ఇంగ్లీషు సినిమా చూశారు. అందులో యంత్రాలు తిరగబడి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. హాల్లో జనమంతా తుపాకులు చూస్తుంటే, మంత్రిగారు మాత్రం అసలు లోపం పట్టేశారు.

"సినిమా మొత్తంలో ఒక్కడైనా ఆ యంత్రాన్ని 'భోంచేశారా' అని అడిగాడాండీ? పేరు చివర 'గారు' అన్నాడా? తిరగబడక ఏం చేస్తాది మరి!"

ఆ రోజు నుంచి అది ఏఐ గారు. సన్నాయి మేళంతో ఆఫీసులోకి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టారు. ముందు అరిటాకు వేసి పనసపొట్టు కూర, పూతరేకులు వడ్డించారు.

"సార్, దానికి కరెంటు చాలండి" అంది యంత్రాన్ని బిగించడానికి వచ్చిన ఇంజినీరమ్మాయి పూజిత.

"కరెంటు ఎవరైనా ఇస్తారమ్మా. మనం గోదావరోళ్లం" అన్నారు మంత్రిగారు.

ఇంతలో మా ఊరి నాగరత్నం గారు సీసాలో తన నూతినీళ్లు పట్టుకొచ్చింది. ఆవిడ ఇంటి వెనక ఎవరో రొయ్యల చెరువు తవ్వించారు. ఉప్పునీరు దిగి ఆవిడ నుయ్యి పాడైంది. ఇప్పుడు బిందె నెత్తిన పెట్టుకుని పక్క వీధికి పోతోంది. ఈ వయసులో ఆవిడకు ఎంత అవస్థ!

"ఇంటికొచ్చిన చుట్టానికి పని చెబుతామా పిన్నిగారూ?" అన్నాడు గుమస్తా భానుతేజ.

"ఆయన వచ్చిందే అర్జీలు వినడానికి కదా నాయనా?"

"మనం ఆ మాట ఎత్తకూడదండి. ఆయనంతట ఆయన అడగాలి."

"నమస్కారమండీ, మీ సమస్య చెప్పండి" అంది యంత్రం.

"చూశారా, పాపం మొహమాటానికి అడుగుతున్నారు" అని భానుతేజ స్విచ్చి కట్టేశాడు. భోజనమయ్యాక ఏఐ గారు కాసేపు నడుం వాల్చాలట.

నాగరత్నం గారు రోజూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏఐ గారికి అయితే భోజనం, లేకపోతే కునుకు. చివరికి ఏఐ గారికి పౌరసన్మానం పెట్టారు. టీవీల వాళ్లూ వచ్చారు. మంత్రిగారు మైకు అందుకునేలోపే ఆవిడ వేదికెక్కి, సీసా ఏఐ గారి ముందు పెట్టి నుయ్యి సంగతి అడిగేసింది.

"రికార్డులు చూశానండీ" అంది యంత్రం. "ఆ చెరువుకు అనుమతి లేదు. వెంటనే మూయించాలి. యజమాని పేరు..."

"శాలువా!" అని కేకేశారు మంత్రిగారు.

పరుగెత్తి కప్పాను.

"యజమాని పేరు..."

"ఇంకోటి! నిండుగా!"

కార్యకర్తలు నా చేతిలోవి లాక్కుని ఎగబడి కప్పారు. "సార్, వెనక గాలాడాలండీ!" అని పూజిత అరుస్తూనే ఉంది. లోపల్నుంచి సన్నగా ఏదో వినిపించింది. తర్వాత కాలిన వాసన వచ్చింది. లైటు ఆరిపోయింది.

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. "ఇంత అభిమానం తట్టుకోలేకపోయారండీ. ఒక్క తూటా పేలకుండా యుద్ధం ఆగిపోయింది!"

చప్పట్లు మోగాయి. నాగరత్నం గారు వేదిక దిగలేదు. మైకు దగ్గరికి జరిగింది.

"పేరు నాకూ తెలుసు బాబూ. ఆయన నోటంట వస్తే మీరు కాదనలేరని ఇన్నాళ్లూ తిరిగాను. ఆ చెరువు మీ..."

మంత్రిగారు ఆవిడకు వంగి రెండు చేతులా దణ్ణం పెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మగారికి కూడా కప్పండి."

నేను కొత్త కట్ట విప్పాను.