సంపూర్ణమ్మగారి ఎదురు

ఆ రోజు పొద్దున్నే భీమరాజుగారు జరీ అంచు పంచె కట్టుకుని, మనవరాలు నాగదుర్గకు పుట్టినరోజు పట్టుగౌను తొడిగి, పిల్లను బడికి నడిపించుకెళ్దామని వీధి అరుగు దిగారు. విషయం ఇంతే. ఊళ్ళో పిల్లలందరూ రోజూ బడికి వెళ్తూనే ఉంటారు. వాళ్ళెవరి వెనకా ఊరేగింపు వెళ్ళిన దాఖలా లేదు.

నాగదుర్గకు ఐదో ఏడు. బంగారంలాంటి పిల్ల. కానీ బడి తెరిచిన దగ్గర్నుంచి 'బడి' అన్న మాట చెవిన పడితే చాలు, ఉన్నచోటే చతికిలబడి కాలవ అవతలికి వినపడేలా ఏడుస్తోంది. స్కూలు ఆటో అబ్బాయి రెండ్రోజులు బతిమాలి, ఆ తర్వాత వాళ్ళ వీధిలోకి రావడమే మానేశాడు. దాంతో కోడలు శ్యామల ముందురోజే తేల్చి చెప్పేసింది.

"రేపొక్కరోజు చూస్తానండి మావయ్యగారూ. అప్పుడూ ఇలాగే ఏడిస్తే నిడదవోలు తీసుకెళ్ళి మా అమ్మ దగ్గర దింపేస్తాను. అక్కడ కాన్వెంటుంది. ఇక్కడుంటే మీ గారానికి అది అక్షరం నేర్చుకోదు."

నిడదవోలు ఏమంత దూరం కాదు, బస్సెక్కితే గంట. కానీ పొద్దున్నే తన కాఫీగ్లాసులో వేలుపెట్టి నురగ నాకే మనిషి ఇంట్లో లేకపోతే ఎలా ఉంటుందో తలుచుకుని ఆయనకు రాత్రి అన్నం సయించలేదు. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. బడి అనకుండా బడికి తీసుకెళ్ళడం. యూనిఫాం తొడిగితే కనిపెట్టేస్తుంది కనక పట్టుగౌను. పుస్తకాల బ్యాగు, క్యారేజీ గుడ్డసంచిలో దాచి భుజాన వేసుకున్నారు. కాలవగట్టు మీద బాతుల్ని చూసొద్దాం పద అన్నారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆయనకు శకునాల పట్టింపు. ఎదురింటి సంపూర్ణమ్మగారు నిండుబిందెతో ఎదురొస్తే తలపెట్టిన పని ఆగదని వీధిలో పేరు. పరీక్షలకూ కోర్టు వాయిదాలకూ, ఆఖరికి గేదెల బేరానికి కూడా జనం ఆవిడనే పిలుచుకుంటారు. పిల్లను చంకనేసుకునే వెళ్ళి, మంచి పనిమీద వెళ్తున్నామండి, కాస్త ఎదురు రావాలి అని అడిగారు. ఎక్కడికని సంపూర్ణమ్మగారు అడగలేదు. బయల్దేరేవాళ్ళను ఎక్కడికని అడిగితే పని చెడుతుంది. ఆ మాత్రం మర్యాద తెలియనివాళ్ళు మా వైపు పుట్టరు.

అడగకూడదు గానీ ఊహించకూడదని ఎవరూ చెప్పలేదు కదా. ఆవిడ జరీపంచె చూసింది, పట్టుగౌను చూసింది, భుజాన సంచీ చూసింది. భీమరాజుగారి చిన్నకొడుకు సురేష్‌బాబుకు ముప్ఫై దాటినా సంబంధం కుదరడం లేదని ఊరందరికీ తెలుసు. ఆవిడ బిందె కిందికి దించేలోపే పెళ్ళిచూపులు ఖాయమైపోయాయి.

సందు చివర టీకొట్టు త్రిమూర్తులుకు ఈ కబురు వాళ్ళకంటే ముందే చేరింది. భీమరాజుగారికి అతను వరసకు తమ్ముడు. పెళ్ళిచూపులకు ముసలాయనా చిన్నపిల్లా వెళ్ళడమేమిటని నొచ్చుకుని, కొట్టు మూసి, కండువా వేసుకుని వెనకాలే వచ్చాడు.

"అన్నయ్యగారూ, నాకొక్క మాట చెప్పకూడదా అండి?"

భీమరాజుగారు ఇరకాటంలో పడ్డారు. చెబుదామంటే చెయ్యి పట్టుకుని నాగదుర్గ ఉంది. పిల్లకు కనపడకుండా అరచేతిలో వేలితో రాస్తున్నట్టు చూపించి, వంతెన అవతలికి గడ్డం ఎగరేశారు. త్రిమూర్తులు మొహం వెలిగింది. పెళ్ళికూతురు చదువుకున్నదన్నమాట, అదీ వంతెన అవతలేనన్నమాట. ఎక్కడికని అడగకుండానే ఇంత చెప్పినందుకు దణ్ణం పెట్టాడు.

అప్పటికి ముగ్గురయ్యారు. శుభకార్యానికి ముగ్గురు వెళ్ళకూడదు. గట్టుమీద పూలబుట్టతో వస్తున్న బుల్లెమ్మను త్రిమూర్తులు నాలుగో మనిషిగా కలిపేశాడు. మొదటిసారి ఒకరింటికి ఉత్తచేతులతో ఏం వెళ్తామని బుల్లెమ్మ దార్లో గెలలోంచి ఒక అత్తం అరటిపళ్ళు కోయించి తీసుకుంది. కాలవ లాకుల దగ్గరికి వచ్చేసరికి త్రిమూర్తులు ఫోనందుకున్న సురేష్‌బాబు ఇస్త్రీ చొక్కాతో బండి దిగాడు. తను ఎదురొచ్చిన పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని, చీర మార్చుకుని సంపూర్ణమ్మగారు కూడా వచ్చేసింది.

నాగదుర్గకు ఇదంతా మహా బాగుంది. ఒకవైపు తాత, ఒకవైపు బాబాయి చేతులు పట్టుకుని ఊపుతుంటే ఎగురుకుంటూ నడుస్తోంది. బుల్లెమ్మ జడలో మల్లెపూలు తురిమింది. దారిలో అందరూ ఆగి బాతుల్ని కూడా చూశారు. భీమరాజుగారు మాత్రం అడుగడుక్కీ సంచీని వెనక్కి తోసుకుంటున్నారు. వంతెన దాటితే బడి కనపడుతుంది.

దాటారు. గేటు దగ్గర దేవకుమారి టీచరు నిలబడి ఉంది. ఆవిడకు రిటైర్మెంటు దగ్గరపడింది. పట్టుబట్టలతో, పూలతో, పళ్ళతో తనవైపే వస్తున్న జనాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెళ్ళికూతురి తరపు పెద్దావిడ కాబోలనుకుని బుల్లెమ్మ పళ్ళు తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేసింది.

"నా సన్మానానికి ఇంకా రెండు నెల్లుందండి," అంది టీచరు. "అయినా మీ అందరి అభిమానం."

సన్మానమేమిటో సురేష్‌బాబుకు అర్థం కాలేదు. పళ్ళు పుచ్చుకున్నది ఆవిడేనని మాత్రం అర్థమైంది. ఆవిడ నెరిసిన ముడి వంక చూసి తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

"నాన్నగారూ, నాకప్పుడే పెళ్ళి వద్దండి."

పెళ్ళేమిటని భీమరాజుగారు తెల్లబోయారు. ఇక గత్యంతరం లేక సంచిలోంచి పుస్తకాల బ్యాగు పైకి తీశారు. అందరూ దాన్ని చూశారు. నాగదుర్గ కూడా చూసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మూసిన కళ్ళకు నిడదవోలు బస్సు కనిపించింది.

ఏడుపు వినపడలేదు.

"వీళ్ళందరూ నన్ను బడిలో దింపడానికే వచ్చారా తాతా?"

ఆయన కళ్ళు తెరిచారు. త్రిమూర్తులు ఒకసారి బ్యాగునూ, ఒకసారి పెళ్ళికొడుకునూ చూసి, సంగతి బోధపడి కండువా సర్దుకున్నాడు.

"అవునమ్మా. నీకోసమే వచ్చాం," అన్నాడు. సంపూర్ణమ్మగారు కూడా తలూపింది.

పిల్ల అందరి మొహాలూ తృప్తిగా చూసుకుంది. తెల్లారగానే తనను ఎవరిదో ఆటోలో కుదేసి చేతులు దులుపుకోవాలని చూశారన్నదే ఇన్నాళ్ళూ దాని ఏడుపని భీమరాజుగారికి అప్పుడు తెలిసొచ్చింది. ఎవరో ఒకరు ఇలా చెయ్యి పట్టుకుని వస్తే చాలునన్నమాట. ఈ చిన్న సంగతి ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళకు తోచనందుకు ఆయనకు సిగ్గేసింది. నాగదుర్గ బ్యాగు తగిలించుకుని, టీచరు చెయ్యి పట్టుకుని, లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"ఏడవకు తాతా. సాయంత్రం వచ్చేస్తాగా."

ఆయన ఆ పని అప్పటికే మొదలుపెట్టారు. గేటు ఊచలు పట్టుకుని కదలనంటే కదలరు. పిల్లను బడికి చేర్చడానికి వచ్చినవాళ్ళందరూ కలిసి ముసలాయన్ని ఇంటికి చేర్చాల్సివచ్చింది. పళ్ళు మాత్రం టీచరు తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రమే శ్యామల నిడదవోలుకు ఫోన్ చేసి, ఇప్పుడేం వద్దులే అమ్మా అని చెప్పేసింది. భీమరాజుగారు ఆ పూట రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నారు.

మర్నాడు పొద్దున్న నాగదుర్గ యూనిఫాం తనే తొడుక్కుని, బ్యాగుతో అరుగుమీద కూర్చుంది. తాత చెయ్యి చాపితే లేవలేదు. టీకొట్టు తాత ఏడీ, పూల అత్త ఏదీ అని అడిగింది. అప్పట్నుంచీ రోజూ కాలవగట్టు మీద ఆ ఊరేగింపు వెళ్తూనే ఉంది, ఇస్త్రీ చొక్కాతో సహా. ఎక్కడికని ఇప్పటికీ ఎవరూ అడగరు.