సుంకపురాయి దాటిన సాంబారు డేగిసా

నల్లగుండ్ల కోటవాకిట నున్న సుంకపురాయిమీద నెత్తిబరువు దించక ముందుకు సాగినచో, ఆ బరువు ఏడవ అడుగులోపల నేలగూలునని ఊరివారి నమ్మకము. దీనిని పరీక్షించినవారు లేరు.

ఎర్రమల నాపరాళ్లు పెనములవలె కాగుచుండ, కొండగొర్రె సైతము నీడకై కంపచెట్టు నాశ్రయింప, మార్చి మాసపు సూర్యుడు నడినెత్తికెక్కి, బడిగంట మ్రోగుటకు అర్ధఘటిక మాత్రమే మిగిలిన ఆ ముహూర్తమున, చుట్టకుదురు కిరీటముగా, చెమటబిందువులు ముత్యాలసరములుగా, ఇరువది లీటర్ల సాంబారుసముద్రమును అల్యూమినియం డేగిసాలో బంధించి శిరమున ధరించి, మధ్యాహ్నభోజన మహాయజ్ఞమునకు అధ్వర్యువైన రమణి వంటపాక వెడలెను. పాక కోటగోడకు వెలుపల, బడి లోపల, నడుమ రాయి.

ఆ రాతి పుట్టుక వినవలసినదే. పూర్వము నల్లగుండ్ల ఒక సంస్థానము: నాలుగు కోసుల నేల, ఒక నవాబు, రెండు ఫిరంగులు, వానిలో ఒకటి పేలునది. దీనిని శత్రువుల బారినుండి కాపాడెదనని ఇంగ్లీషు దొరతనము మాట యిచ్చెను. ఆ శత్రువులెవరో ఎన్నడును తెలియరాలేదు గాని, కాపాడుట మాత్రము క్షణమైనను ఆగలేదు. మొదట మరణశిక్ష విధించు అధికారమును భద్రపరచుటకై తాను పుచ్చుకొనెను, పిదప భూవ్యాజ్యములను, ఆ పిదప సుంకమును. తుదకు ఏజెంటు దొర కోటవాకిట ఒక వాలురాతిని పాతించి, లోనికి పోవు ప్రతి మోపును దానిపై దించి తన బంట్రోతునకు చూపవలెనని హుకుము జారీచేసెను. నవాబు తాను తినబోవు పుచ్చకాయను సైతము స్వహస్తములతో ఆ రాతిపై పెట్టి, అనుమతియైన పిదప ఎత్తుకొనెనట. దొర పోయెను. నవాబు పోయెను. సంస్థానము జిల్లాలో కలిసెను. రాయి మాత్రము పోలేదు. దానికి పసుపుకుంకుమలు అబ్బి, దొరప్పస్వామి యను పేరు వచ్చి, శ్రావణమాసమున ఒక కొబ్బరికాయ కూడ దక్కుచుండెను.

ఆనాటి బంట్రోతు మునిమనుమడైన వీరభద్రుడు, ఎవ్వరును నియమింపని, కావున ఎవ్వరును తొలగింపజాలని ఆ కొలువున, తాతల ఇత్తడిబిళ్ల రొమ్మున మెరయ, వెదురుకర్ర గదాదండముగా, సెల్‌ఫోనులో పాటలు వినుచు, నిత్యము ఆ ద్వారమును రక్షించుచుండెను. అతని తలపై గోడకు దొర హుకుము అద్దపుపటమై వ్రేలాడుచుండెను; దానికి వాడిపోవు భయములేని ప్లాస్టిక్ బంతిపూలదండ.

రమణి కష్టమంతయు రాతి వాలులోనుండెను. బియ్యపుమూట దించిన చెదరదు, గడ్డిమోపు దించిన ఒలకదు. సాంబారు అట్టిది గాదు. మూత బిగించినను, అడుగున గోనెసంచి మడచిపెట్టినను, దించి యెత్తునంతలో మూడు గరిటెలు దొరప్పస్వామికి అభిషేకమగుచుండెను. తత్ఫలముగా అయిదవ తరగతి కడపటి బల్లవారు ఉత్త అన్నము తినుచుండిరి. తనిఖీకి వచ్చినవారు అది చూచి వ్రాసికొనిపోయిరి. ప్రధానోపాధ్యాయుడు రంగస్వామి ఆ ఉదయమే రమణిని పిలిచి, ఇంకొక్కదినము సాంబారు తగ్గినచో వంటపని వేరొకరికి ఇచ్చుట తప్పదని నేలచూపులతో చెప్పెను. తొమ్మిదేండ్లుగా ఆ పొయ్యియే ఆమె బ్రతుకు.

కావున ఆ దినమున రమణి రాతియెదుట వంగలేదు.

వీరభద్రుని కర్ర వాకిటికి అడ్డముగా వ్రాలెను. తన ముత్తాత నవాబు బావమరిది పల్లకినే దింపించిన ఘనతను, ఆ పల్లకి బోయీల సంఖ్యను, తమ వంశము ఏ మోపును ఉపేక్షింపని వైనమును అతడు గంభీరస్వరమున విస్తరించి, తుదకిట్లనెను:

“దించమ్మే రమణీ. నవాబే దించినాడు. నువ్వెంత, నీ సాంబారెంత.”

“నవాబు దించింది పుచ్చకాయ మామా. పుచ్చకాయ ఒలకదు.”

“హుకుం హుకుమే. ఆడ పటంలో ఉండాది సూడు.”

“నువ్వు సదివినావా?”

“సదివేదేముండాది? మొక్కేదే గదా.”

రమణి డేగిసా దించక, మెడ త్రిప్పక, కన్నులు మాత్రమెత్తి తెలుగున అచ్చయిన ఆ హుకుమును చదువనారంభించెను. వెనుక ఉల్లిగడ్డల సంచితో నొకడు, టమాటాబుట్టతో నొకతె వచ్చి నిలిచి, త్వరగా కానిమ్మని గొణుగుచుండిరి. డేగిసాలోపల మునగకాడలు మకరములవలె మూతను మోదుచుండెను. ఆవిరి చెవుల చుట్టును మేఘమండలమును కట్టెను. మెడనరములు వింటినారివలె బిగిసెను. చదువు పదునొకండవ పంక్తివరకు సాగి, పూలదండకడ ఆగిపోయెను.

“ఆ దండ జరుపు మామా. దాని కింద ఇంకా ఉండాది.”

తండ్రి వేసిన దండను తాను జరుపుటయా యని వీరభద్రుడు సంశయించెను. దొరమాటను దండతో కప్పుట దొరకు మర్యాదయా యని ఆమె అడిగెను. ఈ ప్రశ్న అతని వంశగౌరవమునకు తగిలెను. కర్రకొనతో దండను ప్రక్కకు జరిపెను. రమణి వాకిలి ప్రతిధ్వనింప చదివెను: “వండిన పదార్థములకును, దొరవారి సొంత సామానునకును ఈ హుకుము వర్తింపదు.”

సెల్‌ఫోనులో పాట తనంతట తాను పాడుకొనుచుండగా, వీరభద్రుడు పటమువైపు మెడ సాచెను.

“కింద దొర సంతకం ఉండాదా?”

“ఉండాది.”

“అట్లయితే పో.”

కర్ర లేచెను. రమణి నడిచెను. వెనుకనున్నవారు గొణుగుట మాని అడుగులు లెక్కింపసాగిరి. ఒకటి. రెండు. మూడు. నాలుగవ అడుగున కుక్క అడ్డమువచ్చి, ఆమె ముఖము చూచి మరలెను. అయిదవ అడుగున చెప్పుపట్టీ పుటుక్కున తెగెను. డేగిసా ఈశాన్యమునకు ఒరిగెను. మకరములన్నియు ఒక్కపెట్టున మూతను తాకెను. ఉల్లిగడ్డలవాడు కన్నులు మూసికొనెను. వీరనారి చెప్పును విదిలించి, కాగిన నాపరాతిపై వట్టికాలు మోపి, ఆరవ అడుగు వేసెను. ఏడవది వేసెను. దిక్కులారా వినుడు, దొరతనము గెలిచిన నల్లగుండ్లను రమణి ఏడడుగుల మేర తిరిగి గెలిచెను!

ఆ దినమున సాంబారు కడపటి బల్లవరకు అందెను. దొరప్పస్వామికి పోవలసిన మూడు గరిటెలు ఆ బల్లకే చాలెను. వంటపని రమణిదే.

నాటినుండి నల్లగుండ్లలో వండినవి రాతిమీద దించుటలేదు. పచ్చికూరగాయలు ఇప్పటికిని దించుచున్నారు.