పొంగిన ట్యాబు

ఆ శుక్రవారం కువైట్‌లో కారు డ్రైవరు పెద్దన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. జహ్రాలో యజమాని కార్లు కడిగేసి, ఫింటాస్‌లో ఇంటిపని చేసే చెల్లెలు కళావతి దగ్గరికి పోవాలి. ఆమె ఇంటివాళ్ళు సముద్రం పక్క షాలేకు, అదే విడిది ఇంటికి వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజు వేళకు తిరిగొస్తారు. ఆలోపు అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఇంత సంగటి, ఊరిబిండి పచ్చడి తినాలి. రంజాన్ తర్వాత మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గేటు దాటబోతుండగా మామా పిలిచింది. ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళందరూ అలాగే పిలుస్తారు. ఆమె చేతిలో పచ్చటి మిఠాయి సంచి. అందులో పూరీలా పొంగిన పాత ట్యాబు.

"చెత్తలో వెయ్యకు. బ్యాటరీలో విషం ఉంది, వేడి తగిలితే మండుతుందట. అమ్మిన షాపులోనే ఇచ్చెయ్. యల్లా, తొందరగా!"

తా దూర కంత లేదు, మెడకో డోలు అనుకున్నాడు పెద్దన్న. తన ఎర్ర తువ్వాలు చించి సంచి మూతికి ముడేశాడు. దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఏసీ గాలంతా దానివైపే తిప్పి, తను చెమటలో నానుతూ బండి నడిపాడు.

"భాయ్, హమారా కామ్ బేచ్‌నా హై, లేనా నహీ. అమ్మడమే మా పని," అన్నాడు షాపు హారూన్, సంచికి ఆమడ దూరంలో నిలబడి. "కంపెనీ గోదాం సబ్హాన్‌లో ఉంది. జిమ్మేదారీ ఉన్‌కీ, బాధ్యత వాళ్ళదే."

సబ్హాన్ గోదాంలో కాపలా ఉన్నది కోనసీమ సూరిబాబు.

"ఆయ్, రండి! ఇలాంటివి రీసైక్లింగ్‌కి పంపడం మా బాధ్యతేనండీ. వీటికని ఇనప్పెట్టె కూడా ఉందండీ."

పెద్దన్నకు ప్రాణం లేచొచ్చింది. "అయితే అందులో పెట్టు సామీ."

"తాళం మేనేజరు గారి దగ్గరుందండీ. ఆయనేమో ఊరెళ్ళారండీ."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పెద్దన్న నీరసం చూసి సూరిబాబుకు జాలేసింది. అతని ఫోన్ నంబరు రాసుకుని, "వదిలేసి వెళ్ళండి. రీసైక్లింగ్ యార్డు జహ్రా అవతలే కదండీ, అటెళ్ళే మనిషిని చూసి పంపించేత్తాను," అన్నాడు.

తానుండేది జహ్రాలోనేనని పెద్దన్న చెప్పలేదు. చెప్పేంత అమాయకుడు కాదు. అయినా కువైట్‌లో మనవాళ్ళ పార్సిల్ ఆగదు. అటు పోయేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడు, దొరికినవాడు కాదనడు.

ఫింటాస్ దారి పట్టాడో లేదో మామా ఫోన్ చేసింది. ఇంట్లోని ముసలమ్మను చుట్టాలింట్లో దింపాలట. వెనక్కి జహ్రా పోయి, ఆమెను దింపి, ట్రాఫిక్ ఈదుకుంటూ ఫింటాస్ చేరేసరికి అసర్ బాంగు వినిపిస్తోంది.

కళావతి గేటు దగ్గరే నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది.

"ఇప్పుడా వచ్చేది? వాళ్ళు సందు మలుపులో ఉండారంటన్నా. సంగటి గిన్నెలో పెట్టినా, కార్లో తిను."

"నువ్వు తింటివా?"

"నువ్వు రాకుండా ఎట్ల తిందు?"

పెద్దన్నకు ఏడుపొచ్చింది. గిన్నె అందుకున్నాడు.

"ఇంగోటన్నా," అంటూ ఆమె లోపలికి పరుగెత్తి మరో సంచి తెచ్చింది. "మా సందులో అంగడి మణి సరుకు కోసం సబ్హాన్ పోయి తెచ్చినాడు. జహ్రా దిక్కు పోవాలంట. మా అన్న తీసకపోతాడని ఒప్పుకుంటి. ఎండ తగలగూడదంటే ఇంతసేపూ ఏసీ ముందర పెట్టినా."

పచ్చటి మిఠాయి సంచి. మూతికి ఎర్ర తువ్వాలు ముడి.

అతను నోరు తెరిచేలోగా వెనక హారన్ మోగింది. కళావతి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కారు సందు దాటగానే ఫోన్ మోగింది. సూరిబాబు.

"ఆయ్, పెద్దన్న గారూ! మీ సామాను గురించి బెంగెట్టుకోకండి. మా మణి ద్వారా జహ్రా మనిషి ఒకడు దొరికాడండీ. మంచి బాధ్యత తెలిసినోడంటండీ!"

పెద్దన్న సంగటి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఏసీ గాలి మళ్ళీ సంచి వైపు తిప్పాడు.