పులుసు చేత అడిగించాను

మీరు నవ్వనని మాటిస్తే చెబుతాను. మాటివ్వకపోయినా చెబుతాననుకోండి.

నా పేరు రత్నాకర్. రత్నాకరమంటే సముద్రం. "పేరేమో సముద్రమంత, నోట్లోంచి మాట రావాలంటే మాత్రం బొక్కెనేసి తోడాలి" అంటుంది మా ఆవిడ విజయరాణి. పెళ్ళయిన పాతికేళ్ళలో నేను తనని నోరు తెరిచి అడిగినవి మంచినీళ్ళు, కళ్ళజోడు. అంతే.

నేను ఉద్యోగం చేసే ఈ ఎడారి దేశానికి తను విజిట్ వీసా మీద వచ్చి, వుకైర్‌లోని నా ఫ్లాటుని ఇల్లు చేసింది. ఆదివారం తిరుగు ప్రయాణం. వీసా పొడిగించడానికి కంపెనీ సరేనంది. ఇక తను సరేననాలి. అందుకు నేను అడగాలి. అక్కడే వచ్చింది చిక్కు.

"ఈ ఊళ్ళో బయట తిండికి ఉప్పూ కారం లేవండీ. ఒక్కపూట పొయ్యి ఆర్పి కూర్చుందామన్నా కుదరదు" అంటూ ఉంటుంది. సరే, బయట ఒక్కచోట రుచి చూపిస్తే ఉండిపోతుందని ఉపాయం పన్నాను.

పక్కనే ఉన్న వక్రా ఊళ్ళో సముద్రం ఒడ్డున ఒక ఇటలీ ముసలాయన చేపల హోటలు ఉంది. అందులో వెయిటరు జహాంగీర్ మన కడప వాడే. ముందురోజు విజయ పెట్టిన వంజరం పులుసు డబ్బాలో పోసి, పొద్దున్నే అతని చేతికిచ్చాను.

"మా ఓనరు తాత కనిపెడితే నా ఉజ్జోగం పోతాది సార్" అన్నాడు.

"ఇటలీ సూప్ అని చెప్పి తెచ్చిపెట్టు చాలు" అన్నాను.

సాయంత్రం వెళ్ళాం. గళ్ళ గుడ్డ పరిచిన బల్ల, గోడ మీద వల.

"పాస్తా తింటావా?"

"పస్తుండడానికి ఇంత దూరం దేనికండీ?"

"అయితే చేపల సూప్. ఇటలీ జాలర్లు చేసుకునేది."

జహాంగీర్ తెల్ల పళ్ళెంలో పులుసు, పక్కన రొట్టెముక్క పెట్టి, వంటింటి వైపు చూసుకుంటూ వెళ్ళాడు. విజయ ఒక చెంచా తాగింది.

"మెంతులు బాగా వేగాయి."

"ఇటలీ మెంతులు."

చెంచాతో ఒక ఆకు తీసి పళ్ళెం అంచున పెట్టింది. "ఇదేంటండీ?"

"ఇటలీ కరివేపాకు."

"వండినాయన్ని పిలవండి. దణ్ణం పెట్టుకుంటాను."

పిలవక్కర్లేకపోయింది. వాసన పట్టుకుని ముసలాయనే వంటింట్లోంచి వచ్చేశాడు. తను వండనిది తన హోటల్లో ఎలా వచ్చిందో ఆయనకి అర్థం కాలేదు. చెంచా తీసుకుని రుచి చూశాడు. కారానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎవరు వండారని జహాంగీర్‌ని నిలదీశాడు. జహాంగీర్ పైకప్పు చూపించాడు, తర్వాత నన్ను చూపించాడు.

విజయ లేచి నిలబడి "మై కుకింగ్. ఎస్టర్‌డే" అంది.

"ఎస్టర్‌డే?" అన్నాడాయన. ఇంకో చెంచా తాగి, "ఎస్టర్‌డే బెటర్" అని కుర్చీ లాక్కుని మా బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను నెమ్మదిగా.

"లేచేసరికి పులుసు గిన్నె కడిగి బోర్లించి ఉంది. మీరు గిన్నె కడిగారంటేనే ఏదో కొంప మునిగిందనుకున్నాను. ఎందుకండీ ఇదంతా?"

"బయట కూడా రుచి దొరికితే నువ్వు..."

"నేను?"

"ఉంటావేమోనని."

విజయ నా వైపు తిరిగింది. "ఉండు అని ఒక్క మాట మీరు అడగలేక, నా పులుసు చేతే నన్నడిగించారా?" అంది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది, దుఃఖమూ వచ్చింది.

"ఉండు, విజయా" అన్నాను. "నువ్వు వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాకు అన్నం సయించదు. ఉండిపో."

జహాంగీర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. విజయ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మీ కంపెనీ సరేనన్న సంగతి పక్కింటావిడ సుర్రయ్యా చెప్పింది, వాళ్ళాయన మీ ఆఫీసేగా. తన చేత నా టికెట్టు మొన్ననే వాయిదా వేయించాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరడిగితే విందామని. అడక్కపోతే ఎయిర్‌పోర్టు దాకా మీ చేత పెట్టెలు మోయించి, అక్కడ చెబుదామనుకున్నాను."

చెంచా అందుకున్నాను. పళ్ళెం ఖాళీ. మేం కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే ముసలాయన రొట్టెతో చివరిదాకా తుడిచేశాడు.

"రేపు ఇంకో గిన్నెడు తెస్తామని ఆయనకి చెప్పండి" అంది విజయ. "నోటితోనే చెప్పండి."